మడమ వెనుక మోకు: ఎంఆర్‌ఐ చూపేది, చూపలేనిది

హజ్ కాలం వచ్చిందంటే శంషాబాద్ దారులకు ఒక ప్రత్యేకమైన కళ వస్తుంది. నాంపల్లి హజ్ హౌస్ నుండి బయలుదేరిన బస్సులు ఒకదాని వెనుక ఒకటిగా విమానాశ్రయం వైపు సాగుతాయి. తెల్లని ఇహ్రామ్ వస్త్రాలు, మెడలో గుర్తింపు కార్డులు, చేతిలో తస్బీహ్, కళ్లలో తడి. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుండి ఇక్కడికి తరలివచ్చిన నాటి నుండి మా శంషాబాద్ వాసులకు ఇది ఏటా కనిపించే దృశ్యం. మా పెద్ద మామూకు మాత్రం ఇది కేవలం చూసే దృశ్యం కాదు. ఆయన విమానాశ్రయంలోని సరుకుల విభాగంలో పదేళ్లకు పైగా పెట్టెలు మోసి, ఒక్కొక్క రూపాయి కూడబెట్టి, 63వ ఏట హజ్ దరఖాస్తు చేసుకున్నారు. జాబితాలో పేరు వచ్చిన రోజు ఇంటిల్లిపాదీ పండుగ చేసుకున్నాం.

ఆయన పేరు వచ్చిన విమానం వెళ్లింది. ఆయన వెళ్లలేదు. అడ్డుపడింది గుండెజబ్బు కాదు, మధుమేహం కాదు. మడమ వెనుక, బొటనవేలంత మందాన ఉండే ఒక తాడు.

'నరం బెణికింది' అనుకున్నాం

పేరు వచ్చిన మరునాటి నుండే మామూ నడక సాధన మొదలుపెట్టారు. సఫా, మర్వాల మధ్య దూరం సుమారు 450 మీటర్లు. ఏడు విడతల సయీ అంటే మూడు కిలోమీటర్లకు పైమాటే. దానికి తవాఫ్, మినా గుడారాల నుండి జమరాత్ వరకు రాకపోకలు కలుపుకోవాలి. ఈ లెక్కలన్నీ వేసుకుని ఫజ్ర్ నమాజు తరువాత బెంగళూరు రహదారి పక్కన రోజూ ఎనిమిది కిలోమీటర్లు నడవసాగారు. అంతకు ముందు రోజు వరకు ఆయన నడక మసీదు వరకే. కాలికి పలుచని రబ్బరు చెప్పులు.

మూడవ వారానికి ఉదయం లేచి నేలపై అడుగు పెట్టగానే మడమ వెనుక బిగుసుకుపోయేది. నాలుగు అడుగులు వేస్తే సర్దుకునేది. అందుకే ఎవరికీ చెప్పలేదు. అదే సమయంలో కఫంతో కూడిన దగ్గు పట్టుకుంది. పాత చీటీ ఒకటి చూపి మందుల దుకాణంలో లెవోఫ్లాక్సాసిన్ మాత్రలు తెచ్చుకున్నారు. ఆయాసానికి అంతకు ముందే కొన్నాళ్లుగా స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నారు. ఒక సాయంత్రం బస్సు మెట్టు ఎక్కుతుండగా వెనుక నుండి ఎవరో రాయి విసిరినట్లు 'టప్' మని తగిలింది. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు.

"నరం బెణికింది, రెండు రోజుల్లో సర్దుకుంటుంది" అన్నారు అందరూ. నేనూ అదే అన్నాను. నూనెతో మర్దన చేయించాం, కట్టు కట్టించాం. మూడు వారాలు గడిచాయి. వాపు తగ్గింది, కుంటు తగ్గలేదు. మునివేళ్లపై లేవమంటే లేవలేకపోయారు. అప్పుడు గానీ నగరంలోని ఎముకల వైద్యురాలి వద్దకు తీసుకువెళ్లలేదు. పాఠకులకు ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆ మూడు వారాల ఆలస్యంలో మా అజ్ఞానమే ఎక్కువ.

అది నరం కాదు

మడమ ఎముకను, పిక్క కండరాన్ని కలిపే ఆ తాడును వైద్యులు ఎకిలిస్ టెండన్ అంటారు. తెలుగు పాఠ్యపుస్తకాలలో టెండన్‌ను స్నాయుబంధకం అని చదువుకుంటాం. ఇళ్లలో మాత్రం 'నరం' అనేస్తాం. నరం మెదడు నుండి సందేశాలను మోసుకువెళ్లేది. టెండన్ కండరం పుట్టించిన బలాన్ని ఎముకకు మోసుకువెళ్లేది. పేరులోని ఈ పొరపాటు చిన్నదే గాని, చికిత్సలో పెద్ద పొరపాటుకు దారి తీస్తుంది. నరం అనుకుంటే మర్దన చేస్తాం. తెగుతున్న తాడును మర్దన చేస్తే ఏమవుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

శరీరంలోని టెండన్లలో ఎకిలిస్ అన్నింటికంటే పెద్దది, బలమైనది. పరుగెత్తేటప్పుడు శరీర బరువుకు ఎన్నో రెట్ల భారం దానిపై పడుతుంది. అయినా అది తెగుతుంది. పేరున్న క్రీడాకారులకూ ఈ బాధ తప్పలేదు. ఫుట్‌బాల్ ఆటగాడు డేవిడ్ బెక్‌హామ్‌కు 2010 మార్చిలో ఆట మధ్యలో ఈ టెండన్ తెగి, ఆ ఏటి ప్రపంచకప్ చేజారింది. 2023 ప్రపంచకప్ తరువాత మన క్రికెట్ బౌలర్ మహమ్మద్ షమీకి ఇదే టెండన్‌కు 2024 ఫిబ్రవరిలో లండన్‌లో శస్త్రచికిత్స జరిగింది. తిరిగి పోటీ క్రికెట్ ఆడడానికి ఆ ఏడాది నవంబరు వరకు ఆగవలసి వచ్చింది. ఆ తరువాతి ఐపీఎల్‌లో ఉప్పల్ మైదానంలో హైదరాబాద్ జట్టు తరఫున ఆయన బంతి విసరడం మనవారు చూశారు. నిపుణుల బృందం వెన్నంటి ఉన్న యువ క్రీడాకారునికే అన్ని నెలలు పట్టిందంటే, 63 ఏళ్ల శ్రామికునికి ఎంత ఓపిక కావాలో ఊహించుకోవచ్చు.

పీచు, పురి, పేట, మోకు

తాడు పేనడం చూసినవారికి టెండన్ నిర్మాణం సులువుగా అర్థమవుతుంది. పీచును పురిగా తిప్పుతారు, పురులను పేటలుగా, పేటలను కలిపి మోకుగా పేనుతారు. టెండన్ కూడా అంతే. అందులోని అతి చిన్న పీచు కొలాజెన్ అనే ప్రోటీన్ అణువు. అణువులు సన్నని నూలుపోగులుగా, పోగులు నారలుగా, నారలు కట్టలుగా, కట్టలు టెండన్‌గా పేనుకుని ఉంటాయి. ప్రతి కట్ట చుట్టూ పలుచని పొర, అందులో సన్నని రక్తనాళాలు ఉంటాయి. విశ్రాంతిగా ఉన్నప్పుడు నారలు చిన్న చిన్న అలలుగా ఉంటాయి. బరువు పడగానే ముందు ఆ అలలు సాగి కుదుపును మింగుతాయి.

కొలాజెన్ అణువు మూడు పాయల జడ వంటిదని తొలిసారిగా ప్రతిపాదించినది మన దక్షిణాదివారే. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ఈ నిర్మాణాన్ని ప్రకటించారు. వారు పరిశోధనకు వాడిన పదార్థాలలో ఒకటి కంగారూ తోకలోని టెండన్. అది వారికి మద్రాసులోని కేంద్రీయ తోళ్ల పరిశోధనా సంస్థ నుండి లభించింది. తోలు కూడా కొలాజెనే కదా! తరువాతి కాలంలో ఆ సంస్థకు సంచాలకుడై దానికి ప్రపంచఖ్యాతి తెచ్చినవారు తెనాలి ప్రాంతపు యలవర్రు బిడ్డ, శాస్త్రవేత్త యలవర్తి నాయుడమ్మ. నేడు ఎంఆర్‌ఐ యంత్రం మన మడమలో వెదికేది ఆ మూడు పాయల జడ క్షేమంగా ఉన్నదా, చెదిరిపోయిందా అన్నదే.

గాయపడిన టెండన్ ఎందుకంత మెల్లగా మానుతుంది? డెన్మార్క్ శాస్త్రవేత్తలు 2013లో దీనికి ఒక విచిత్రమైన మార్గంలో సమాధానం కనుగొన్నారు. 1950, 60 దశకాలలో జరిపిన అణుబాంబు పరీక్షల వలన వాతావరణంలో ఒక రకం కార్బన్ పెరిగి, ఆహారం ద్వారా ఆనాటి ప్రజల దేహాలలో చేరింది. ఎకిలిస్ టెండన్ నడిమధ్య భాగంలో ఆ కార్బన్‌ను కొలిచి చూస్తే, ఆ భాగం సుమారు 17 ఏళ్ల వయసు వరకే తయారై, ఆ తరువాత దాదాపు మారకుండా ఉండిపోతుందని తేలింది. అంటే 63 ఏళ్ల మా మామూ నడుస్తున్నది పదిహేడేళ్ల వయసులో తయారైన తాడు మీద. చర్మం మారుతుంది, రక్తం మారుతుంది. ఈ తాడు మాత్రం జీవితానికి ఒక్కటే. తెగిన చోట కొత్త కొలాజెన్ పుడుతుంది గాని, మొదట వచ్చేది బలహీనమైన రకం. అది పాత నేతకు దగ్గరగా రావడానికి ఏడాది, అంతకంటే ఎక్కువ కూడా పట్టవచ్చు. నొప్పి పోవడం, తాడు మానడం ఒకటి కావు.

గోల్కొండ చప్పట్లు

వైద్యురాలు మామూను బోర్లా పడుకోబెట్టి పిక్కను చేతితో నొక్కారు. టెండన్ నిలువునా తెగిపోతే పాదం కదలదు. మామూ పాదం కొద్దిగా కదిలింది. పూర్తిగా తెగిందా, సగమే తెగిందా అన్న అనుమానం మిగిలింది. శస్త్రచికిత్సా, కట్టా అన్నది దానిపైనే ఆధారపడి ఉంది. అందుకే ఎంఆర్‌ఐ రాశారు.

ఈ యంత్రం వెనుక ఉన్న సూత్రం ఇది. మన దేహంలో నీరు ఎక్కువ. నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు చిన్న చిన్న అయస్కాంతాల వంటివి. మూడు టెస్లాల యంత్రమైతే దాని అయస్కాంత బలం భూమి అయస్కాంత బలానికి దాదాపు 60,000 రెట్లు. ఆ బలానికి కేంద్రకాలు వరుసలోకి వస్తాయి. రేడియో తరంగంతో వాటిని ఒకసారి కదిలించి వదిలితే, తిరిగి కుదురుకునే లోపు అవి ఒక సంకేతాన్ని పంపుతాయి. యంత్రం ఆ ప్రతిధ్వనిని విని బొమ్మగా మారుస్తుంది. ఎక్స్‌రే వంటి రేడియేషన్ ఇందులో లేదు. ఈ విద్యకు పునాది వేసిన పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ బహుమతి లభించింది.

గోల్కొండ కోటలో ఫతే దర్వాజా వద్ద చప్పట్లు కొడితే పైన బాలా హిసార్‌లో వినిపిస్తుందని మనందరికీ తెలుసు. కండరంలోని నీరు ఆ చప్పట్ల వంటిది. దాని ప్రతిధ్వని కొంతసేపు నిలిచి ఉంటుంది, యంత్రం తీరికగా వింటుంది. టెండన్‌లోని నీరు అలా కాదు. అది కొలాజెన్ నారలకు అంటిపెట్టుకుని ఉంటుంది. దాని ప్రతిధ్వని సెకనులో వెయ్యవ వంతు లేదా రెండు వంతులలోనే అణగిపోతుంది. మామూలు ఎంఆర్‌ఐ చెవి తెరిచేది సాధారణంగా సెకనులో వెయ్యింట పది వంతులు గడిచాక. అప్పటికి అక్కడ నిశ్శబ్దమే. అందుకే ఆరోగ్యవంతమైన టెండన్ బొమ్మలో నల్లని గీతగా కనిపిస్తుంది. విచిత్రమేమంటే, నల్లగా ఉంటే మంచిది. నారలు తెగి, వాటి మధ్య స్వేచ్ఛగా నీరు చేరితే అక్కడ తెల్లని మచ్చ వస్తుంది.

మామూ బొమ్మలో మడమకు నాలుగు సెంటీమీటర్ల పైన టెండన్ ఉబ్బి ఉంది. మధ్యలో పొడవాటి తెల్లని చార. వెనుక అంచు మాత్రం నల్లగా, తెగకుండా ఉంది. మడమకు రెండు నుండి ఆరు సెంటీమీటర్ల పైనున్న ఈ భాగానికే రక్తసరఫరా తక్కువ. ఎక్కువగా తెగేదీ ఇక్కడే.

"ఇది ఒక్కరోజులో తెగిన తాడు కాదండీ. చాలాకాలంగా లోపల నలుగుతూ వచ్చి, ఆ రోజు సగం తెగింది. కోత అవసరం లేదు, కానీ ఈ ఏడాది ప్రయాణం వద్దు" అన్నారు వైద్యురాలు.

మామూ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఒక్క ప్రశ్న అడిగారు: "అమ్మా, మిగిలిన తాడులో బలం ఎంత ఉంది? వచ్చే ఏడు నేను సయీ చేయగలనా?"

ఆమె నిజాయితీగా బదులిచ్చారు: "ఎక్కడ తెగిందో ఈ బొమ్మ చెబుతుంది. తెగకుండా మిగిలింది ఎంత గట్టిదో చెప్పదు."

తాడు బలాన్ని తూచే ప్రయత్నం

మామూ అడిగిన ప్రశ్నే గత పాతికేళ్లుగా ఎంఆర్‌ఐ పరిశోధకులు అడుగుతున్న ప్రశ్న. తెల్లమచ్చ కనిపించేసరికే నష్టం జరిగిపోయి ఉంటుంది. అంతకు ముందే, నారల స్థాయిలో జరుగుతున్న చెడును సంఖ్యలలో కొలవగలమా అన్నది వారి తపన.

మొదటి మార్గం, యంత్రాన్ని త్వరగా వినేలా చేయడం. బ్రిటన్‌లోనూ తరువాత అమెరికాలోని శాన్‌డియాగోలోనూ పనిచేసిన గ్రేమ్ బిడ్డర్ వంటి వారు యూటీఈ అనే పద్ధతిని అభివృద్ధి చేశారు. ఇందులో యంత్రం సెకనులో పదివేలవ వంతు కంటే తక్కువ సమయంలోనే చెవి తెరుస్తుంది. నల్లని గీతగా మాత్రమే ఉన్న టెండన్ ఇప్పుడు తన సంకేతంతో వెలుగుతుంది. ఆ సంకేతం ఎంత వేగంగా అణగిపోతున్నదో కూడా కొలవవచ్చు. నారలకు గట్టిగా అంటిన నీరు త్వరగా మౌనం వహిస్తుంది. నేత వదులై నీరు విడివడితే ఆ సమయం పెరుగుతుంది. వియన్నా వైద్య విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎకిలిస్ నొప్పి గలవారిలోనూ ఆరోగ్యవంతులలోనూ ఈ కొలతలు తీసి, రెండింటి మధ్య తేడా ఉన్నదని చూపారు.

రెండవ మార్గం, కొలాజెన్‌ను పరోక్షంగా పలికించడం. కొలాజెన్ అణువులు నేరుగా యంత్రానికి వినిపించవు. కానీ వాటిని తగిన తరంగంతో తాకితే, ఆ తాకిడి పక్కనున్న నీటికి చేరి నీటి సంకేతం తగ్గుతుంది. ఎంత తగ్గిందో చూసి కొలాజెన్ ఎంత ఉన్నదో అంచనా వేస్తారు. బిందెను వంచి చూడకుండా, తట్టి చూసి నీరెంత ఉన్నదో చెప్పడం వంటిది ఇది.

మూడవది, నీటి నడకను గమనించడం. కట్టలో నారలన్నీ ఒకే దిశలో ఉంటే నీటి అణువులు వాటి వెంబడి సులువుగా కదులుతాయి, అడ్డంగా కదలలేవు. నారలు చెదిరితే నీరు అన్ని దిశలకూ కదులుతుంది. మెదడులోని నాడీమార్గాలను గీయడానికి వాడే ఈ పద్ధతిని టెండన్‌కు వర్తింపజేయడం కష్టంగానే ఉంది. కదలికను కొలిచేలోపే సంకేతం ఆరిపోవడం అందుకు కారణం. నాలుగవది, నీటికి బదులు దేహంలోని సోడియంను వినడం. దెబ్బతిన్న టెండన్‌లో నీటిని పట్టి ఉంచే ఒక రకం చక్కెర అణువులు పెరుగుతాయి. అవి సోడియంను ఆకర్షిస్తాయి. దీనికి ఏడు టెస్లాల వంటి శక్తివంతమైన యంత్రాలు కావాలి.

ఇవన్నీ విని మనం ఆశపడడం సహజం. కానీ ఒక మాట స్పష్టంగా తెలుసుకోవాలి. ఈ పద్ధతులు ఇప్పటికీ ప్రధానంగా పరిశోధనశాలలకు చెందినవి. ఒక యంత్రంపై వచ్చిన సంఖ్య మరో యంత్రంపై వచ్చిన సంఖ్యతో సరిపోలదు. ఇంత సంఖ్య దాటితే తెగుతుంది, ఇంతకు తగ్గితే నిర్భయంగా నడవవచ్చు అని చెప్పే గీత ఇంకా ఏర్పడలేదు. కాబట్టి మామూలు నిర్ధారణ కోసం మంచి నాణ్యత గల సాధారణ ఎంఆర్‌ఐ చాలు. దానిని చదివే వైద్యుని అనుభవం యంత్రమంత ముఖ్యం.

తెల్లమచ్చ ప్రతిదీ గాయం కాదు

అనుభవం ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణ చాలు. టెండన్ నారలు యంత్రపు అయస్కాంత దిశకు సుమారు 55 డిగ్రీల వాలులో ఉన్నప్పుడు, ఏ గాయమూ లేకపోయినా అక్కడ తెల్లగా కనిపిస్తుంది. దీనిని మాంత్రిక కోణం అంటారు. భుజంలో, చీలమండ పక్కన వంపు తిరిగే టెండన్లలో ఈ భ్రమ తరచుగా కలుగుతుంది. నిపుణులు పాదాన్ని కాస్త వంచి మళ్లీ తీసి, లేక యంత్రాన్ని మరికొంత ఆలస్యంగా వినేలా మార్చి, ఆ మచ్చ నిజమా కాదా తేలుస్తారు. నిజమైన గాయమైతే మచ్చ నిలుస్తుంది, భ్రమ అయితే మాయమవుతుంది.

మరొక విషయం. 1995లో అమెరికాలో ఏ నొప్పీ లేని 96 మంది భుజాలను ఎంఆర్‌ఐతో పరీక్షించారు. అరవై దాటినవారిలో సగం కంటే ఎక్కువమందికి, 54 శాతానికి, భుజపు టెండన్లలో చిన్నదో పెద్దదో చిరుగు కనిపించింది. వారెవరికీ బాధ లేదు. అంటే నెరసిన జుట్టు వలె, కొన్ని చిరుగులు వయసు తెచ్చే మార్పులు. కాబట్టి రిపోర్టులో 'చిరుగు' అన్న మాట చూసి బెంబేలెత్తి శస్త్రచికిత్సకు పరుగెత్తకూడదు. రిపోర్టు, నొప్పి, వైద్యుని చేతి పరీక్ష మూడూ ఒకే మాట చెప్పినప్పుడే దానికి విలువ.

చాలా సందర్భాలలో ఎంఆర్‌ఐ అవసరమే ఉండదు. పసిబిడ్డను పదేపదే ఎత్తుకునే తల్లులకు బొటనవేలి మొదట్లో వచ్చే నొప్పి, మధుమేహం గలవారికి వేలు మడిచి తెరవలేక 'టక్' మని పట్టుకోవడం, ఇవి కూడా టెండన్ల బాధలే. వీటిని వైద్యులు చేతితో చూసే గుర్తిస్తారు. ఎకిలిస్‌కు కూడా అల్ట్రాసౌండ్ పరీక్ష చాలాసార్లు సరిపోతుంది. అది చౌక, పాదాన్ని కదిలిస్తూ చూడవచ్చు. అనుమానం తీరనప్పుడు, శస్త్రచికిత్స నిర్ణయించవలసినప్పుడు ఎంఆర్‌ఐ వంతు వస్తుంది.

ఎంఆర్‌ఐ గదిలోకి వెళ్లే ముందు

ఆ అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబయిలోని ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండర్‌తో ఆ గదిలోకి అడుగుపెట్టిన రోగి బంధువు ప్రాణమే కోల్పోయారు. కాబట్టి తోడు వెళ్లేవారు కూడా జాగ్రత్తగా ఉండాలి. హిజాబ్ పిన్నులు, గాజులు, ముక్కుపుడక, కాలి మెట్టెలు, లోహపు రేకులో ఉన్న తావీజు, వినికిడి యంత్రం, సెల్‌ఫోన్ అన్నీ బయటే ఉంచాలి. కొన్ని సౌందర్య సాధనాలలో లోహపు రజను ఉంటుంది కనుక కళ్లకు పెట్టుకున్న సుర్మా, కాటుక కూడా తుడుచుకోవడం మేలు. పేస్‌మేకర్, దేహంలో లోహపు ముక్కలు, పాత శస్త్రచికిత్సల ప్లేట్లు, గర్భం ఉంటే ముందే చెప్పాలి. మహిళా సిబ్బంది కావాలని కోరుకునేవారు సమయం నిర్ణయించుకునేటప్పుడే ఆ మాట చెబితే ఇబ్బంది ఉండదు. టెండన్ కోసం తీసే సాధారణ ఎంఆర్‌ఐలో సూదిమందు గాని, ఏదైనా తాగడం గాని సాధారణంగా అవసరం లేదు. కాబట్టి రోజాలో ఉన్నవారు కూడా చేయించుకోవచ్చు.

తాడు తెగకముందే

మామూ విషయంలో అసలు కారణం ఏది? వయసా, ఒక్కసారిగా పెంచిన నడకా, పలుచని చెప్పులా, మందులా? ఏది ఎంత వంతు అన్నది ఎవరూ తేల్చలేరు. కానీ ఒక్కొక్క దాని గురించి మనం తెలుసుకోగలం.

సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్స్ అరుదుగా టెండన్లను దెబ్బతీస్తాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో ఈ మందుల పెట్టెలపై అత్యంత గట్టి హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. అరవై దాటినవారికి, స్టెరాయిడ్లు వాడేవారికి ప్రమాదం ఎక్కువ. మా మామూ రెండు వర్గాలలోనూ ఉన్నారు. ఈ మందులు ప్రాణాలను కాపాడే సందర్భాలు ఎన్నో ఉన్నాయి, వైద్యుడు రాస్తే వాడవలసిందే. కానీ పాత చీటీతో కొనకూడదు. వాడుతుండగా మడమ వెనుక నొప్పి మొదలైతే నడక సాధన ఆపి, అదే రోజు వైద్యునికి చెప్పాలి. ప్రయాణపు సంచిలో 'విరేచనాలకు పనికి వస్తుంది' అని ఈ మాత్రలు పెట్టుకునే పెద్దలు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. వారికి ఈ మాట చెప్పండి.

మధుమేహం అదుపులో లేకపోతే రక్తంలోని చక్కెర కొలాజెన్ నారలకు అంటుకుని వాటిని బిరుసుగా మారుస్తుంది. ఎండిన తాడు వలె అవి సాగే గుణం కోల్పోతాయి. మడమ వెనుక టెండన్ రెండు కాళ్లకూ నొప్పి లేకుండా గడ్డకట్టినట్లు లావెక్కితే, అది వంశపారంపర్యంగా వచ్చే అధిక కొలెస్ట్రాల్‌కు గుర్తు కావచ్చు. అప్పుడు కాలికే కాదు, గుండెకూ పరీక్ష అవసరం.

నడక విషయంలో సూత్రం ఒక్కటే: కొద్దిగా మొదలుపెట్టి, వారం వారం కొద్దికొద్దిగా పెంచడం. హజ్ సాధన ఆరు నెలల ముందు ప్రారంభిస్తే తొందర ఉండదు. పురుషులు ఇహ్రామ్‌లో చీలమండ కప్పని చెప్పులే వేసుకోవాలి. పలుచని చదును చెప్పులకు బదులు మడమ వద్ద కాస్త ఎత్తు, మెత్తదనం ఉన్నవి ఎంచుకుని, వాటితోనే ముందు నుండి సాధన చేయాలి. మడమ కొద్దిగా ఎత్తులో ఉంటే టెండన్‌పై లాగుడు తగ్గుతుంది.

తెగని, కేవలం నలిగిన టెండన్‌కు వ్యాయామమే ప్రధాన చికిత్స. 1998లో స్వీడన్ వైద్యుడు హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ 15 మంది రోగులతో మెట్టు అంచుపై నిలబడి మడమను మెల్లగా కిందికి దించే వ్యాయామం 12 వారాలు చేయించి, వారందరూ తిరిగి పరుగెత్తగలిగినట్లు చూపారు. అప్పటి నుండి అది ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. సరైన భారం పడితే టెండన్ బలపడుతుంది. భారమే లేకపోతే బలహీనపడుతుంది. అయితే చిరుగు ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా దీనిని చేయరాదు.

మళ్లీ అదే దారి

మామూ కాలికి ముందు బూటు వంటి కట్టు వేశారు. తరువాత మడమ కింద ఎత్తు, ఆ తరువాత నెలల తరబడి వ్యాయామం. నమాజులో ఖాదాలో కూర్చున్నప్పుడు పాదం మడవలేక ఏడ్చిన రోజులున్నాయి. కుర్చీపై చేసుకోమని ఇమాము గారు చెప్పినా ముందు ఒప్పుకోలేదు. వ్యాధిగ్రస్తునికి ధర్మం స్వయంగా కల్పించిన సౌలభ్యాన్ని కాదనడం కూడా సరికాదని ఆయన నచ్చజెప్పవలసి వచ్చింది. అస్వస్థతతో ఉన్న ఉమ్మె సలమా (ర.అ)కు వాహనంపై తవాఫ్ చేయడానికి దైవప్రవక్త (స) అనుమతించిన సంగతిని గుర్తు చేశారు. ఆ మాట తరువాతనే మామూ మనసు కుదుటపడింది.

ఎనిమిది నెలల తరువాత మరోసారి చూసిన వైద్యురాలు ఈసారి ఎంఆర్‌ఐ రాయలేదు. "ఒంటికాలిపై మునివేళ్ల మీద ఎన్నిసార్లు లేవగలరో చూపండి" అన్నారు. మామూ గోడ పట్టుకుని పదిసార్లు లేచారు. "బొమ్మ చెప్పలేనిది ఇదే చెప్పింది" అని ఆమె నవ్వారు. తాడు లోపల నేత ఎంత కుదురుకున్నదో చూపే యంత్రం ఏదో ఒక రోజు మన ఆసుపత్రులకూ రావచ్చు. అంతవరకు ఓపిక, క్రమశిక్షణ, వైద్యుని చేతి పరీక్ష, ఇవే మన కొలమానాలు.

ఈ ఏడాది జాబితాలో ఆయన పేరు మళ్లీ వచ్చింది. నాంపల్లి నుండి బయలుదేరిన బస్సు శంషాబాద్ చేరినప్పుడు మేమందరం విమానాశ్రయం బయట నిలబడ్డాం. తెల్లని ఇహ్రామ్‌లో, మడమ కాస్త ఎత్తైన గోధుమరంగు చెప్పులతో మామూ మెల్లగా నడిచి వచ్చారు. కుంటు లేదు, తొందర కూడా లేదు. సయీ సగంలో నొప్పి వస్తే చక్రాల కుర్చీ ఎక్కుతానని ముందే మాట ఇచ్చారు.

వారం రోజుల తరువాత మక్కా నుండి ఫోన్ వచ్చింది. "ఐదు విడతలు నడిచాను, రెండు కుర్చీపై చేశాను. అల్హమ్దులిల్లాహ్, కాలు బాగుంది" అన్నారు. ఆ తరువాత అడిగిన మొదటి మాట ఇది: "మీ ఖాలూ వచ్చే ఏడు దరఖాస్తు చేస్తానన్నాడు కదా, నడక ఇప్పుడే మొదలుపెట్టమని చెప్పు. రోజుకు ఒక్క కిలోమీటరుతో."